కంప్యూటర్ లెక్కలో తెలుగు అక్షరం

"తెలుగు" అన్న మాటలో అక్షరాలెన్ని అని బడిపిల్లల్ని అడిగితే మూడు అంటారు: తె, లు, గు. అదే మాట పొడవెంత అని పైథాన్‌లోనో జావాస్క్రిప్ట్‌లోనో రాసిన ప్రోగ్రామును అడిగితే ఆరు అంటుంది. తకారం ఒకటి, దాని ఎత్వం ఒకటి, లకారం ఒకటి, కొమ్ము ఒకటి, గకారం ఒకటి, మరో కొమ్ము ఒకటి. సీ భాషలో పొడవు కొలిచే ఫంక్షన్‌ను అడిగితే పద్దెనిమిది అంటుంది. అది గుర్తుల్ని పట్టించుకోదు, బైట్లనే లెక్కపెడుతుంది. "స్త్రీ" దగ్గరికి వచ్చేసరికి తేడా మరీ పెద్దది. పలికినా ఒక్క అక్షరమే, పలక మీద రాసినా ఒక్క అక్షరమే. కంప్యూటర్ దాచుకునేవి మాత్రం ఆరు గుర్తులు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం.

ఈ జవాబుల్లో ఏదీ తప్పు కాదు. చోటు ఎంత పడుతుందో తెలియాలంటే బైట్లే లెక్కపెట్టాలి. మీటల మీద వేలు ఎన్నిసార్లు పడిందో తెలియాలంటే గుర్తుల్ని లెక్కపెట్టాలి. చదివే మనిషి కంటికి ఎన్ని కనిపిస్తాయో తెలియాలంటే అక్షరాల్ని లెక్కపెట్టాలి. ఇంగ్లీషులో మామూలు మాటకు ఈ మూడు లెక్కలూ ఒకే అంకె దగ్గర కలుస్తాయి. కంప్యూటర్ రచన ఆ భాష చుట్టూ పెరిగింది గనుక, మూడూ ఎప్పుడూ ఒకటేనన్న నమ్మకం ప్రోగ్రామర్ల చేతి అలవాటుగా మారిపోయింది. ఆ అలవాటుతో రాసిన ప్రోగ్రాములో తెలుగు పడగానే పేర్లు సగంలో తెగుతాయి, వత్తులు ఊడిపోతాయి, కళ్లెదుట ఉన్న మాట వెతికితే దొరకదు. ఒకసారైతే ప్రపంచమంతటా ఖరీదైన ఫోన్లే కూలబడ్డాయి. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

అమెరికాలో 1963లో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో మొత్తం 128 స్థానాలు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, టెలిప్రింటర్లను నడిపే కొన్ని ఆదేశాలు అన్నీ వాటిలో సర్దుకున్నాయి. తెలుగు అలా సర్దుకునే లిపి కాదు. హల్లులు 36 అనుకుని ఒక్కోదానికి పదిహేను గుణింతాలు వేసుకున్నా 540 రూపాలు. ఒక్క వత్తు చేరితే లెక్క 19,440కి పోతుంది. వీటిలో చాలావాటికి భాషలో పని ఉండదు, నిజమే. అయినా ఏది ఎప్పుడు అవసరపడుతుందో ముందే చెప్పలేం. ఊరి పేర్లు, మనుషుల పేర్లు, పరభాషల నుంచి వచ్చే మాటలు కొత్త కలయికల్ని తెస్తూనే ఉంటాయి.

ఇంత పెద్ద లిపిని చిన్న పెట్టెలో కుక్కడానికి తొలి రోజుల్లో దొరికిన దారి ఫాంటు మాయ. ఇంగ్లీషు అక్షరానికి ఇచ్చిన స్థానంలోనే తెలుగు బొమ్మ పెట్టేవారు. ఒక స్థానంలో తలకట్టు, ఒక స్థానంలో కొమ్ము, ఇంకోచోట రావత్తు, మరోచోట సగం గీసిన మకారం. టైపు చేసేవారు ఆ ముక్కల్ని వరసగా పేర్చి అక్షరాన్ని కట్టేవారు. కాగితం మీద అచ్చు అందంగానే వచ్చేది. అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లతో తెలుగునాట అచ్చుపని ఏళ్ల తరబడి ఇలాగే సాగింది. పెళ్లి శుభలేఖ దగ్గర్నుంచి దినపత్రిక దాకా అదే పద్ధతి. డీటీపీ చేసేవారి చేతివేగానికి, వాళ్లు దిద్దిన పుస్తకాలకు తెలుగు ప్రచురణ రంగం ఎంతో రుణపడి ఉంది.

చిక్కంతా కాగితం దాటాక వచ్చేది. కంప్యూటర్ తన దగ్గర దాచుకున్నది ఇంగ్లీషు అక్షరాల్నే. వాటి మీద తెలుగు బొమ్మ తొడగడం ఫాంటు పని. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే అర్థంపర్థం లేని రోమన్ అక్షరాలు వరసగా కనిపించేవి. పైగా ఒక్కో సంస్థ ముక్కల్ని ఒక్కో స్థానంలో పెట్టుకుంది. ఒక పత్రిక వెబ్‌సైటులో కొమ్ము ఉన్నచోట ఇంకో పత్రికలో గుడి ఉండేది. దాంతో రెండు పత్రికల్లో ఒకే మాటను వెతికే వీలు లేకపోయింది. ఈ రకరకాల ఫాంట్లలోని రాతను ప్రామాణిక రూపంలోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు "పద్మ" అనే ఉపకరణాన్ని తయారు చేయవలసి వచ్చింది. ఆ కాలంలో కంపోజ్ చేసిన పుస్తకాల ఫైళ్లు ఇప్పటికీ ప్రచురణకర్తల డిస్కుల్లో ఉన్నాయి. వాటిలో ఒక్క మాట వెతకాలన్నా ముందు ఫైలును మార్చుకోవాలి. తెలుగు సాహిత్యంలో కొంత భాగం ఇలా తాళం పడిన గదిలో ఉంది. తాళంచెవులు తెలిసినవారు పనిలో ఉండగానే ఈ మార్పిడి జరగాలి, ఎందుకంటే ఆ పాత సాఫ్ట్‌వేరు నడిచే యంత్రాలు ఏటేటా తగ్గిపోతున్నాయి.

దీనికి భిన్నమైన ఆలోచన మన దేశంలోనే పుట్టింది. కాన్పూరు ఐఐటీలో మొదలై, తర్వాత పుణెలోని సీడాక్ చేతుల్లో పెరిగిన జిస్ట్ పరిజ్ఞానం వెనక ఉన్నది ఈ ఆలోచనే. బ్రాహ్మీ నుంచి దిగివచ్చిన భారతీయ లిపులన్నిటి అమరిక ఒకటే. క, ఖ, గ, ఘ వరస దాదాపు అన్నిటిలోనూ ఉంది, గుణింతం ఉంది, పొల్లు ఉంది. అందుచేత కంప్యూటర్ దాచుకోవలసినది ఆ ఉమ్మడి వర్ణక్రమం. బొమ్మ గీయడాన్ని చివరి మెట్టుకు వదిలేయవచ్చు. ఈ సూత్రంతో తయారైన ఇస్కీ సంకేతాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో జాతీయ ప్రమాణంగా ప్రకటించింది. అదే వర్ణక్రమం మీద నిలిచిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో కకారం మీట తెలుగుకైనా హిందీకైనా బెంగాలీకైనా ఒక్కటే.

సరిగ్గా అదే 1991లో యూనికోడ్ తొలి సంచిక వెలువడింది. ప్రపంచంలోని ప్రతి లిపికీ ప్రతి గుర్తుకూ దానికంటూ ఒక అంకె ఉండాలన్నది యూనికోడ్ సంకల్పం. అందులో తెలుగుకు మొదటి సంచికలోనే 128 స్థానాల గడి దక్కింది. భారతీయ లిపుల అమరికను యూనికోడ్ ఇస్కీ నుంచే తీసుకుంది. ఆ బంధుత్వం అంకెల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. దేవనాగరి కకారం అంకె 2325. దానికి 768 కలిపితే 3093, అది తెలుగు కకారం. ఇంకో 128 కలిపితే 3221, అది కన్నడ కకారం. ఖకారానికీ గకారానికీ కూడా ఇదే తేడా. హిందీలో రాసిన ఊరి పేరును తెలుగు లిపిలోకి మార్చే చిన్న ప్రోగ్రాము రాయాలంటే చాలావరకు ఈ కూడిక సరిపోతుంది. రైల్వే స్టేషన్ల జాబితాలాంటి దానిమీద ఈ కూడిక చేసి చూసే విద్యార్థికి మన లిపుల చుట్టరికం ఏ పాఠంలోనూ తెలియనంత బాగా తెలుస్తుంది.

ఆ 128 స్థానాల్లో అన్నీ మొదట్లోనే నిండలేదు. దంత్య చకార, జకారాలు 2008లో చేరాయి. పాత లెక్కల పుస్తకాల్లో భిన్నాలు రాయడానికి వాడిన హళ్లి వంటి గుర్తులూ అదే ఏడాది చేరాయి. నకారపొల్లుకు సొంత స్థానం 2021లో గానీ రాలేదు. పాత తాళపత్రాల్నీ అచ్చుపుస్తకాల్నీ ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్‌కు ఎక్కించాలనుకునే పండితులకు ఈ చేర్పులు చాలా విలువైనవి. ఇలాంటి ప్రతి గుర్తు వెనకా ఎవరో ఒకరు ఆధారాలు సేకరించి, నమూనా పుటలు జతచేసి, ప్రతిపాదన రాసి పంపిన శ్రమ ఉంటుంది.

వర్ణాల్ని దాచి బొమ్మను తర్వాత గీయాలన్న నిర్ణయం తెలుగుకు జరిగిన గొప్ప మేలు. దానివల్లనే ఈరోజు ఒక మాటను వెతికితే ఏ ఫాంటులో ఉన్నా దొరుకుతుంది, అంధుల కోసం చదివిపెట్టే సాఫ్ట్‌వేరు తెలుగు చదవగలుగుతుంది, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వంటి విజ్ఞాన సర్వస్వం నిలబడగలిగింది. ఇందుకు చెల్లించవలసిన మూల్యమూ ఉంది. గీసే భారమంతా తెర దగ్గరి ప్రోగ్రాము మీద పడింది.

ఆ భారం ఎంతో "జ్ఞా" అన్న ఒక్క అక్షరంలో చూడవచ్చు. దాచుకున్నవి నాలుగు అంకెలు: జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం. తెర మీద గీసే ముందు ఆకృతి యంత్రం, అంటే షేపింగ్ ఇంజన్, ఈ నాలుగూ కలిసి ఒకే అక్షరమని గుర్తించాలి. పొల్లూ దాని వెనకున్న ఞకారమూ కలిసి ఞావత్తుగా మారాలని తెలుసుకోవాలి. దీర్ఘం చివరన ఉన్నా అది తగులుకోవలసింది జకారానికి గనుక, వత్తును దాటించి దాన్ని జకారం దగ్గరికి చేర్చాలి. జకారానికి బదులు "జా" బొమ్మ పెట్టాలి. వత్తును దాని కింద, తగినంత పక్కకు జరిపి నిలపాలి. ఇంత తతంగం కంటిరెప్ప వేసేలోగా అయిపోవాలి, పుటలో ఉన్న ప్రతి అక్షరానికీ జరగాలి. ఏ జంటకు ఏ బొమ్మ అన్న నియమాలు ఫాంటులోనే ఓపెన్‌టైప్ పట్టికల రూపంలో ఉంటాయి. వాటిని చదివి అమలు చేసే యంత్రం విండోస్‌లో ఒకటి, ఆపిల్‌లో ఒకటి. ఆండ్రాయిడ్‌లోనూ ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలోనూ హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఆ పని చేస్తుంది.

సామాన్యుల కంప్యూటర్లలోకి ఈ ఏర్పాటు 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. దానితోపాటే గౌతమి ఫాంటు వచ్చింది. అదొక్కటే ఉంటే తెలుగు కంటికి విసుగు పుట్టేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ తెలుగుకు పుస్తకపు అందాన్ని తెచ్చాయి. ఆ తర్వాత సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, గురజాడ వంటి ఉచిత ఫాంట్లు వరసగా వచ్చి గూగుల్ ఫాంట్స్‌లో చేరాయి. మామూలు కీబోర్డు మీద రోమన్ అక్షరాలు కొట్టి తెలుగు రాసే దారిని అంతకుముందే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి చూపించింది. లేఖిని వంటి ఉపకరణాలు ఆ దారినే వెబ్‌లోకి తెచ్చి వేలమంది చేత తెలుగు రాయించాయి. ఈ ఫాంట్లు, ఉపకరణాలు తయారుచేసినవారిలో చాలామంది జీతం కోసం చేయలేదు. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రివేళల్లో, సెలవు రోజుల్లో చేశారు.

ఫాంటు బాగున్నంత మాత్రాన తెర మీద తెలుగు బాగుంటుందని చెప్పలేం. ఇంగ్లీషు వరసకు పైన కొంచెం, కింద కొంచెం చోటు చాలు. "రాష్ట్రం" అన్న మాటలో షకారం కింద టావత్తు, దాని పక్కన రావత్తు వేలాడతాయి. ఇంగ్లీషు ఎత్తుకు కొలిచి కట్టిన బటన్‌లో ఈ మాట పెడితే కింది వత్తులు కత్తిరించినట్టు మాయమవుతాయి. బ్యాంకు యాప్‌లలో, టికెట్ల యంత్రాల తెరల మీద, టీవీలో కింద పరిగెత్తే వార్తల పట్టీలో ఈ లోపం తరచు కనబడుతుంది. దిద్దుబాటుకు పెద్ద ఖర్చు లేదు. వరస ఎత్తును పెంచితే చాలు. ఎవరూ తెలుగు పెట్టి చూడకపోవడం వల్లే అది మిగిలిపోతోంది.

పొల్లుతో ఇంకో చిక్కు ఉంది. పొల్లు వెనక హల్లు వస్తే రెండూ కలిసి వత్తు కావడం నియమం. సంస్కృతం నుంచి వచ్చిన మాటలకు ఇది సరిగ్గా సరిపోతుంది. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే మాత్రం టకారం పొల్లుగానే నిలవాలి, వకారం పూర్తి రూపంలో దాని పక్కన ఉండాలి. నియమం ప్రకారం వదిలేస్తే వకారం టకారం కిందికి వత్తుగా దిగిపోతుంది. ఆ రూపం చదవడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఈ కలయికను ఆపడానికి యూనికోడ్‌లో కనబడని గుర్తు ఒకటుంది. దాని అంకె 8204, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. దానికి వెడల్పు లేదు, బొమ్మ లేదు. "ఇక్కడ కలపకు" అని ఆకృతి యంత్రానికి చెప్పడమే దాని పని. రాజ్‌కుమార్, ఫేస్‌బుక్, హైకోర్ట్‌లో వంటి మాటల్లో రోజూ ఇది పనిచేస్తూనే ఉంటుంది. రాసేవారిలో చాలామందికి అది ఉందనే తెలియదు, కీబోర్డు తనంతట తానే చేరుస్తుంది.

కంటికి కనబడకపోయినా కంప్యూటర్ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఒకరు ఈ గుర్తుతో "రాజ్‌కుమార్" అని రాశారు. ఇంకొకరు అదే చోట ఖాళీ వదిలి "రాజ్ కుమార్" అన్నారు. మూడోవారు ఏదీ లేకుండా జకారానికి కావత్తు ఇచ్చి రాశారు. మనిషికి మూడూ ఒకటే. వెతికే ప్రోగ్రాముకు మూడు వేర్వేరు మాటలు. ఓటర్ల జాబితాలోనో పరీక్షా ఫలితాల్లోనో పేరు దొరకడం లేదంటే కారణాల్లో ఇదీ ఒకటి కావచ్చు. వెతికేటప్పుడు ఈ కనబడని గుర్తును పక్కనపెట్టి పోల్చడం అనుభవమున్న ప్రోగ్రామర్‌కు కొద్ది నిమిషాల పని.

ఆ గుర్తే 2018 ఫిబ్రవరిలో ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది, తెలుగు అక్షరాన్ని వెంటబెట్టుకుని. జకారం, పొల్లు, ఞకారం, ఆ తర్వాత ఈ కనబడని గుర్తు, చివరన దీర్ఘం: ఈ ఐదూ ఈ వరసలో ఉన్న సందేశం ఐఫోన్‌కు వస్తే, దాన్ని చూపించబోయిన యాప్ కూలిపోయేది. వాట్సాప్ వంటివి తెరుచుకోవడం మానేసేవి. అది నోటిఫికేషన్ రూపంలో తెర మీదికి వస్తే ఫోన్‌ను నడిపే ముంగిటి తెరే కూలి, మళ్లీ లేచి, అదే అక్షరాన్ని గీయబోయి మళ్లీ కూలేది. మ్యాక్ కంప్యూటర్లకూ అదే గతి. అల్లరి కోసం ఆ అక్షరాన్ని తెలియనివారికి పంపినవారు, సోషల్ మీడియాలో తమ పేరుగా పెట్టుకున్నవారు చాలామంది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది.

ఆ రోజుల్లో వచ్చిన శీర్షికలు చాలావరకు తెలుగు అక్షరమే ఐఫోన్‌ను పడగొట్టినట్టు రాశాయి. ఇది అన్యాయమైన మాట. "జ్ఞానం", "విజ్ఞానం", "ఆజ్ఞ" అని మామూలుగా రాస్తే ఏ ఫోనూ కూలలేదు. మధ్యలో ఆ కనబడని గుర్తు ఉంటేనే చిక్కు. పైగా లోపం తెలుగుకు పరిమితమైనది కూడా కాదు. బయటి ప్రోగ్రామర్లు తీరిగ్గా పరీక్షించి చూస్తే బెంగాలీలో, దేవనాగరిలో కూడా కొన్ని జంటలు అదే పని చేశాయి. వారు గమనించిన వరస ఇది: ఒక హల్లు, పొల్లు, వత్తుగా మారే ఇంకో హల్లు, కనబడని గుర్తు, ఒక గుణింతపు గుర్తు. దేవనాగరిలో అలా వెనక చేరి వత్తయ్యేది ప్రధానంగా రకారమే. తెలుగులో ప్రతి హల్లూ వత్తవుతుంది. అందుకే తెలుగులో ఈ ప్రమాదం విస్తారంగా కనబడింది, పేరు తెలుగుకు పడింది. పైన ఒక ముక్క, కింద ఒక ముక్కగా గీసే ఐత్వం ఉన్నచోట మాత్రం ఫోన్ కూలలేదు. గుణింతపు గుర్తును వత్తు దాటించి హల్లు దగ్గరికి చేర్చే ఘట్టంలోనే పొరపాటు జరిగిందని అనుకోవడానికి ఇదే ఆధారం.

అక్కడ ఆ కనబడని గుర్తుకు అర్థం లేకపోవచ్చు. ఎవరూ కావాలని అలా రాయకపోవచ్చు. అయినా బయటినుంచి వచ్చే ఏ రాతనైనా తట్టుకుని నిలబడటం తెర మీద గీసే ప్రోగ్రాము ప్రాథమిక ధర్మం. కోట్లమంది చేతుల్లో ఉన్న ఫోన్‌కు ఐదు గుర్తుల వరసను ముందుగా పెట్టి చూసినవారు లేకపోయారన్నదే ఇందులో బాధ కలిగించే విషయం. హల్లులు, పొల్లు, కనబడని గుర్తు, గుణింతాలు కలిపి అన్ని వరసలూ యంత్రం చేతనే తయారు చేయించి పరీక్ష పెట్టడం కష్టం కాదు. లెక్క లక్షల్లోకి పోయినా కంప్యూటర్‌కు అది కొద్దిసేపటి పని.

అంత సంచలనం కలిగించకపోయినా రోజూ జరిగే నష్టం ఇంకోటి ఉంది. పేర్లు తెగిపోవడం. "వెంకటలక్ష్మి" అన్న పేరు తీసుకుందాం. చదివేవారికి ఐదు అక్షరాలు. యూనికోడ్ గుర్తులు పన్నెండు. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే ఒక్కో గుర్తుకూ మూడు బైట్ల చొప్పున ముప్పై ఆరు బైట్లు. డేటాబేసులో పేరుకు 32 బైట్లు చాలునని ఎవరో నిర్ణయించారనుకుంటే, పది గుర్తులు పూర్తిగా పడతాయి, పదకొండోదైన మకారం మూడు బైట్లలో రెండే పడతాయి. ఫలితంగా కార్డు మీద "వెంకటలక్ష్" అని, దాని పక్కన ప్రశ్నార్థకం ఉన్న నల్లటి వజ్రపు గుర్తు అచ్చవుతుంది. ఇంగ్లీషులో 32 స్థానాలు నిండే పేరు అరుదు కాబట్టి అక్కడ ఈ తప్పు బయటపడదు. డేటాబేసును పాత సంకేత పద్ధతిలోనే ఉంచేస్తే ఇంకా ఘోరం. తెలుగు మొత్తం ప్రశ్నార్థకాల వరసగా మారుతుంది, అసలు అక్షరాలు తిరిగి రావు.

యూటీఎఫ్-8ను 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ఆస్కీలోని గుర్తులకు ఒక బైటు, 2047 అంకె దాకా రెండు బైట్లు, అక్కణ్ణుంచి మూడు లేదా నాలుగు. రష్యన్, గ్రీకు, అరబిక్ లిపులు రెండు బైట్ల పరిధిలో పడ్డాయి. భారతీయ లిపులు 2304 దగ్గర మొదలవుతాయి గనుక అన్నిటికీ మూడు బైట్లు పడుతున్నాయి. డిస్కులు చవకైన రోజుల్లో ఇది పెద్ద భారం కాదు, ఈ పద్ధతి తెచ్చిన సౌకర్యం ముందు ఆ చోటు వదులుకోదగినదే. మొబైల్ సందేశాల దగ్గర మాత్రం లెక్క గట్టిగా తగులుతుంది. ఎస్సెమ్మెస్‌కు ఉన్న చోటు 140 బైట్లు. ఇంగ్లీషు గుర్తులు ఏడేసి బిట్లతో 160 పడతాయి. తెలుగు గుర్తులు పదహారేసి బిట్లతో 70 పడతాయి. ఒక్కో అక్షరానికి రెండు మూడు గుర్తులు పోగా ఒక సందేశంలో మిగిలేవి ముప్పై అక్షరాల చిల్లర. బ్యాంకులూ కార్యాలయాలూ ఇంగ్లీషులోనే సందేశాలు పంపడానికి ఈ ఖర్చు కూడా ఒక కారణం.

కృత్రిమ మేధలోనూ ఇదే కథ సాగింది. భాషా నమూనాలు రాతను టోకెన్లనే ముక్కలుగా కోసుకుని చదువుతాయి. ఎక్కువగా ఇంగ్లీషు రాతతో తయారైన తొలి పట్టికల్లో తెలుగు ముక్కలు దాదాపు లేవు. అందువల్ల తెలుగు గుర్తు ఒక్కోటీ బైట్లుగా చితికిపోయేది. ఓపెన్‌ఏఐ 2024 మేలో కొత్త నమూనా విడుదల చేస్తూ ఒకే వాక్యాన్ని పలు భాషల్లో పోల్చి చూపింది. పాత పట్టికలో ఇంగ్లీషు వాక్యానికి 27 టోకెన్లు, అదే వాక్యం తెలుగులో 159. కొత్త పట్టికలో ఇంగ్లీషుకు 24, తెలుగుకు 45. ఒక్క పట్టికను శ్రద్ధగా మార్చినంత మాత్రాన భారం మూడో వంతు కంటే తక్కువకు దిగిందంటే, మునుపటి భారం లిపి స్వభావం వల్ల వచ్చింది కాదని స్పష్టమే.

అక్షరాన్ని అక్షరంగా గుర్తించే పనిలో ప్రమాణాలు కూడా మెల్లగా ముందుకు వస్తున్నాయి. ఆపిల్ వారి స్విఫ్ట్ భాష మాట పొడవును గుర్తుల లెక్కన కాక, చదివేవారికి కనిపించే ముక్కల లెక్కన చెబుతుంది. "తెలుగు" పొడవు దానికి మూడే. "స్త్రీ" దగ్గర మాత్రం అదీ తడబడింది, ఎందుకంటే యూనికోడ్ నియమం చాలా ఏళ్లు పొల్లు దగ్గర మాటను విడగొట్టింది. ఒక్క "స్త్రీ" మూడు ముక్కలయ్యేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 ఈ నియమాన్ని సవరించి, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదని చెప్పింది. తొలి సంచిక వెలువడిన ముప్పై రెండేళ్లకు "స్త్రీ" ఒకే అక్షరమని ప్రమాణం ఒప్పుకుంది. ఈ సవరణ ప్రతి భాషలోకీ ప్రతి ఫోన్‌లోకీ చేరేదాకా పాత తప్పులు కొంతకాలం కనబడుతూనే ఉంటాయి.

ఈ లెక్కలన్నీ ఒకచోట కలిసే మీట బ్యాక్‌స్పేస్. "క్ష్మీ" రాసి ఆ మీట ఒకసారి నొక్కితే గుడిదీర్ఘం ఒక్కటే పోతుంది, అక్షరం మొత్తం పోదు. ఇది మాత్రం చాలాచోట్ల కావాలని పెట్టిన ఏర్పాటు, మంచి ఏర్పాటు. తెలుగు రాసేవారు అక్షరాన్ని ముక్క ముక్కగా కడతారు. గుణింతం తప్పు పడితే అదొక్కటే దిద్దుకోవాలి, అక్షరమంతా మళ్లీ రాయవలసిన పని ఉండకూడదు. అదే డిలీట్ మీటతో ముందున్న అక్షరాన్ని చెరిపితే మొత్తం పోవడమే సబబు. చూపుగుర్తు, అంటే కర్సర్, అక్షరం మధ్యలో ఆగకూడదు. మాటను తిరగేసే ప్రోగ్రాము "తెలుగు"ను "గులుతె" చెయ్యాలి. గుర్తుల్ని గుడ్డిగా తిరగేస్తే ఎత్వం లకారానికి తగులుకుని, మొదట్లో ఆధారం లేని కొమ్ము ఒకటి వేలాడుతుంది. ఏ పనికి ఏ లెక్క వాడాలో ఆలోచించి నిర్ణయించడమే ఇందులోని విద్య.

అకారాది క్రమంలోనూ ఇలాంటి నిర్ణయమే అవసరం. బడిలో నేర్పే వరసలో ళకారం హకారం తర్వాత వస్తుంది, క్షకారం దాని వెనక. యూనికోడ్ అంకెల ప్రకారం ళకారం లకారం పక్కనే ఉంటుంది, క్షకారం కకారం కింద చేరుతుంది. పేర్ల జాబితాను అంకెల వరసలో పేర్చి వదిలేస్తే బడి వరస తెలిసినవారు వెతికేచోట పేరు ఉండదు. వరసను విడిగా చెప్పే వీలు చాలా డేటాబేసుల్లో ఉంది, దాన్ని వాడుకోవాలి.

ప్రపంచంలో వాడే సాఫ్ట్‌వేరులో ఎంతో భాగం తెలుగువారి చేతుల మీదుగా తయారవుతోంది. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికా నగరాల్లో ఆ పని చేసేవారు వేలల్లో ఉన్నారు. వారికి ఒక విన్నపం. పని ముగించి ప్రోగ్రామును పరీక్షకు పంపే ముందు అందులో నాలుగు తెలుగు మాటలు పెట్టి చూడండి: లక్ష్మి, రాష్ట్రం, విజ్ఞానం, సాఫ్ట్‌వేర్. పేరు గడిలో పెట్టండి, బటన్ మీద పెట్టండి, వెతికే పెట్టెలో పెట్టండి, సగానికి కోయించి చూడండి. ప్రోగ్రాములు రాయనివారు కూడా ఒక పని చేయవచ్చు. కార్డు మీద పేరు తెగి వచ్చినా, యాప్‌లో వత్తు ఊడినా తెర బొమ్మ తీసి, తప్పు ఎక్కడుందో రాసి, ఆ సంస్థకు పంపండి. ఫిర్యాదు అందని లోపాన్ని ఏ సంస్థా దిద్దదు.